రాయ్‌పూర్ మైదానంలో వర్షాధార గోధుమ: వాన వెళ్లిపోయాక నేలే చెరువు

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఏడాదికి సగటున 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అనంతపురంలో పడే వానకు ఇది రెట్టింపు కంటే ఎక్కువ. అయినా రాయ్‌పూర్ చుట్టుపక్కల నీటి వసతి లేని రైతుల్లో చాలామంది ఏడాదికి ఒక్క వరి పంటతోనే సరిపెట్టుకుంటారు. వాన ఎంత పడిందన్న దానికంటే ఎప్పుడు పడిందన్నదే అక్కడి రెండో పంటను తేలుస్తుంది. జూన్ మధ్యలో వచ్చే నైరుతి రుతుపవనాలు అక్టోబరు రెండో వారానికల్లా వెనుదిరుగుతాయి. ఏడాది వానలో ఐదింట నాలుగు వంతులకు పైగా ఈ నాలుగు నెలల్లోనే కురిసిపోతుంది. కోస్తా ఆంధ్రకు ఉన్నట్టు ఈశాన్య రుతుపవనాల ఆసరా కూడా ఈ ప్రాంతానికి లేదు.

గోధుమ విత్తేది నవంబరులో, కోసేది మార్చిలో. అంటే వాన ముఖం చాటేశాక మొదలై, ఎండలు ముదరకముందే ముగియాల్సిన పంట ఇది. మధ్యలో చలికాలపు జల్లు ఒకటో రెండో పడవచ్చు, పడకపోవచ్చు. కాబట్టి ‘వర్షాధార గోధుమ’ అన్న మాటకు ఇక్కడ అసలు అర్థం, వానాకాలంలో నేల తాగి దాచుకున్న నీటి మీద బతికే గోధుమ అని. విత్తే నాటికి నేలలో ఎంత తేమ ఉంది, అందులో ఎంత వేరుకు అందుతుంది, ఎంత ఊరికే ఆవిరైపోతుంది అన్న మూడు లెక్కలే దిగుబడిని నిర్ణయిస్తాయి. ఈ పంటకు సంబంధించిన నేల యాజమాన్య పద్ధతులన్నీ ఆ మూడింటి చుట్టూ తిరిగేవే. వాటిలో సగం గోధుమ విత్తడానికి ముందే, వరి పొలంలో ఉండగానే పూర్తి కావాలి.

నాలుగు నేలలు, నాలుగు తీర్పులు

ఛత్తీస్‌గఢ్ మైదానంలో రైతులు నేలలను నాలుగు పేర్లతో పిలుస్తారు. ఊరి గట్టున, ఎత్తు మీద ఉండే ఎర్రటి గరుసు నేల ‘భాటా’. దాని కింద పసుపు ఛాయలో ఉండే తేలిక నేల ‘మటాసీ’. ఇంకాస్త దిగువన గోధుమ వన్నెలో, బంకమట్టి పాలు పెరిగిన నేల ‘డోర్సా’. అన్నిటికంటే పల్లంలో ఉండే నల్లటి బరువైన నేల ‘కన్హార్’. ఇది మన నల్లరేగడికి చుట్టమే. నేల శాస్త్రం కూడా ఈ విభజనను దాదాపు అలాగే అంగీకరించి భాటాను ఎంటిసాల్, మటాసీని ఇన్‌సెప్టిసాల్, డోర్సాను ఆల్ఫిసాల్, కన్హార్‌ను వర్టిసాల్ తరగతుల్లో చేర్చింది. ఒకే ఊళ్లో ఎత్తు నుంచి పల్లానికి నడిస్తే ఈ నాలుగూ వరసగా ఎదురవుతాయి.

నీటిని పట్టి ఉంచే శక్తిలో వీటి మధ్య తేడా చాలా పెద్దది. లోతైన కన్హార్ నేల ఒక మీటరు లోతు వరకు మొక్క వాడుకోగల నీటిని సుమారు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా దాచగలదు. డోర్సా అంతకంటే కొంత తక్కువ దాస్తుంది. మటాసీ త్వరగా ఆరిపోతుంది, ఆరితే గట్టిపడుతుంది. భాటాలో గరుసు ఎక్కువ, లోతు తక్కువ. అక్కడ పడిన నీరు నిలవదు.

ఈ అంకెలను గింజల్లోకి మార్చి చూస్తే విషయం తేటపడుతుంది. ఒక మిల్లీమీటరు నీరంటే హెక్టారుకు 10,000 లీటర్లు. వర్షాధారంలో గోధుమ పైరు వాడుకున్న ప్రతి మిల్లీమీటరు నీటికి స్థూలంగా 10 కిలోల గింజ వస్తుందనుకుంటే, 180 మిల్లీమీటర్లు అందిన పైరు హెక్టారుకు 18 క్వింటాళ్ల దరిదాపుల్లో ఇస్తుంది. విత్తడం ఆలస్యమై 30 మిల్లీమీటర్లు గాలికి పోతే, మూడు క్వింటాళ్లు విత్తకముందే పోయినట్టు. పూర్తి నీటి వసతి ఉన్న గోధుమ 350 నుంచి 450 మిల్లీమీటర్ల దాకా వాడుకుంటుంది. పంజాబ్ దిగుబడులతో రాయ్‌పూర్ దిగుబడులను పోల్చేటప్పుడు ఈ తేడాను మరిచిపోకూడదు. దేశ సగటు హెక్టారుకు 35 క్వింటాళ్ల దగ్గర ఉంటే, ఛత్తీస్‌గఢ్ సగటు అందులో సగానికి మించడం అరుదు.

కాబట్టి మొదటి నిర్ణయం, గోధుమ ఎక్కడ వేయకూడదన్నది. నీటి వసతి లేని భాటాలోనూ తేలికపాటి మటాసీలోనూ గోధుమ వేస్తే విత్తనం ఖర్చు కూడా తిరిగి రాకపోవచ్చు. లోతైన కన్హార్, మంచి డోర్సా మాత్రమే వర్షాధార గోధుమను మోయగలవు. కనీసం ఒక్క తడి ఇచ్చే వీలుంటే మటాసీని కూడా ఆలోచించవచ్చు.

వరి వదిలి వెళ్లిన గట్టి పొర

ఖరీఫ్‌లో ఛత్తీస్‌గఢ్‌లో 35 లక్షల హెక్టార్లకు పైగా వరి సాగవుతుంది. గోధుమ వేసే పొలం దాదాపు ఎప్పుడూ వరి కోసిన పొలమే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. వరికి మేలు చేసే నేల, గోధుమకు కీడు చేస్తుంది.

నాటు వేయడానికి దమ్ము చేసినప్పుడు మట్టి ఉండలు విరిగి బురదగా మారతాయి. మట్టిలోని సన్న రంధ్రాలు మూసుకుపోయి నీరు కిందికి ఇంకదు. వరికి కావలసింది అదే. ఏటా ఒకే లోతులో నాగలి, ట్రాక్టరు చక్రాలు తిరగడంతో 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతులో ఒక గట్టి పొర ఏర్పడుతుంది. వరి వేర్లు ఎక్కువగా పై పొరలోనే ఉంటాయి కాబట్టి దాన్ని పట్టించుకోవు. గోధుమ వేరు పరిస్థితి వేరు. అడ్డు లేకపోతే అది మీటరుకు మించి దిగగలదు. అడ్డు ఉంటే పై 20, 25 సెంటీమీటర్లలోనే చుట్టుకుంటుంది. మీటరు లోతులో 160 మిల్లీమీటర్ల నీరున్నా, పావు మీటరులోపే ఆగిపోయిన వేరుకు అందేది అందులో నాలుగో వంతు. జనవరి చివరికి పైరు ఆకులు చుట్టుకుంటుంటే, దాని కిందే నీరు అలాగే ఉండిపోతుంది.

ఈ పొరను పగలగొట్టడానికి వేసవిలో, నేల ఎండి ఉన్నప్పుడు, ఉలి నాగలితో 35 నుంచి 40 సెంటీమీటర్ల లోతుకు చీల్చడం ఒక మార్గం. తడిగా ఉన్నప్పుడు చీలిస్తే పొర పగలదు, ఉలి దారి మాత్రమే పడుతుంది. దీన్ని ఏటా చేయనక్కర్లేదు, మూడు నాలుగేళ్లకోసారి చాలు. అయితే మటాసీ వంటి తేలిక నేలలో ఈ పొర పోతే తరవాతి వరిలో నీరు నిలవదు. అందుకే ఇది బరువైన నేలలకు సరిపోయినంతగా తేలిక నేలలకు సరిపోదు. కన్హార్‌కు ఒక సహజమైన వెసులుబాటు కూడా ఉంది. తడిస్తే ఉబ్బి, ఆరితే నెర్రెలిచ్చే గుణం వల్ల ఆ నేల తన గట్టి పొరను తానే కొంతవరకు విరుచుకుంటుంది.

అసలు దమ్మే చేయకుండా వరి పండించడం రెండో మార్గం. ఛత్తీస్‌గఢ్‌లో ఇది కొత్త కాదు. పొడి దుక్కిలో విత్తనం వేసే ‘ఖుర్రా బోనీ’ అక్కడి పాత అలవాటు. వెదజల్లిన వరిలో నెల రోజులకు నీరు నిలిచాక నిలువు పైరులోనే నాగలి తోలే ‘బియాసీ’ పద్ధతి కూడా పూర్తి దమ్ము కాదు. వరసల్లో పొడి విత్తనం వేసే వెద పద్ధతిని ఇప్పుడు తెలంగాణ, ఆంధ్రల్లోనూ రైతులు చేపడుతున్నారు. దీనివల్ల నేల కట్టు చెడదు, వరి కూడా వారం పది రోజులు ముందే కోతకు వస్తుంది. కలుపు మాత్రం ఎక్కువ. దాన్ని అదుపు చేయలేకపోతే వరిలోనే నష్టం వస్తుంది. రెండో పంట ఆశతో మొదటి పంటను పణంగా పెట్టే రైతు ఉండడు.

మార్టేరు రకాలు, రాయ్‌పూర్ తేదీలు

గోధుమ విత్తే తేదీని జూన్‌లో ఎంచుకున్న వరి రకమే నిర్ణయిస్తుంది. ఇందులో తెలుగువారికి తెలిసిన పేర్లే ఎదురవుతాయి. ఛత్తీస్‌గఢ్ పొలాల్లో విస్తారంగా కనిపించే స్వర్ణ (ఎంటీయూ 7029), కాటన్‌దొర సన్నాలు (ఎంటీయూ 1010) రెండూ పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టినవే. స్వర్ణ 1982లో విడుదలైంది. దాని కాలపరిమితి 145 నుంచి 150 రోజులు. ఎంటీయూ 1010 సుమారు 120 రోజుల పంట.

ఈ నెల రోజుల తేడానే రబీకి కీలకం. జూన్ చివర్లో మొదలైన 1010 అక్టోబరు చివరికి పొలం ఖాళీ చేస్తుంది. అప్పటికి వానలు ఆగి రెండు మూడు వారాలే అయి ఉంటుంది. కన్హార్ పై పొరలో ఇంకా తేమ ఉంటుంది. స్వర్ణ వేసిన పొలం నవంబరు మూడో వారం దాకా ఖాళీ కాదు. ఆ లోపు వరి తాగినంత తాగి, ఎండకు పోయినంత పోయి, పై పది సెంటీమీటర్లు మొలకకు చాలనంతగా ఆరిపోతాయి. నీటి వసతి ఉన్నవారు ముందు తడి పెట్టుకుని విత్తుతారు. లేనివారికి ఆ ఏడు గోధుమ లేనట్టే.

మధ్య భారత మండలంలో వర్షాధార గోధుమకు అక్టోబరు చివరి వారం నుంచి నవంబరు మధ్య వరకు అదును. మరీ ముందు విత్తితే నేల వేడిగా ఉండి పిలకలు సరిగా రావు. మరీ ఆలస్యమైతే గింజ పాలుపోసుకునే వేళకు ఫిబ్రవరి చివరి ఎండ తగులుతుంది. కాబట్టి వర్షాధారంలో గోధుమ అనుకున్న పొలంలో మధ్యకాలిక వరి వేయడం తప్పనిసరి. స్వర్ణ దిగుబడి ఎక్కువే. అది వదులుకున్న దానికంటే రెండో పంట మీద వచ్చేది ఎక్కువగా ఉంటుందా అన్నది రైతు నేలను బట్టి చూసుకోవాల్సిన లెక్క.

పదును దొరికే ఆ కొన్ని రోజులు

‘పదును’ అన్న మాటకు సరైన ఉదాహరణ కన్హార్ నేల. తడిగా ఉంటే నాగలికి అంటుకుని కదలనివ్వదు. ఆరితే పెడ్డలు లేస్తాయి, వాటిని పగలగొట్టడానికి రోటవేటర్ కూడా తడబడుతుంది. ఈ రెండింటి మధ్య దున్నడానికి అనువైన రోజులు చాలా తక్కువ. ఆ రోజులను ముందుకు జరపడానికి కోతకు 10 నుంచి 15 రోజుల ముందు వరి మడిలో నిలిచిన నీటిని వదిలేయాలి. గింజ గట్టిపడుతున్న దశలో నిలువ నీరు తీసినా వరికి నష్టం ఉండదు. కోత యంత్రం దిగబడదు. కోసిన వెంటనే నేల పదునుకు వస్తుంది.

కోత అయ్యాక ప్రతి రోజూ లెక్కే. బోసిగా ఉన్న నేల నుంచి మొదటి రోజుల్లో చలికాలంలోనూ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరవుతుంది. అందుకే ఎక్కువ దున్నడం ఇక్కడ మేలు కంటే కీడే చేస్తుంది. మట్టిని తిరగేసిన ప్రతిసారీ కింది తేమ పైకి వచ్చి ఆరిపోతుంది. ఒక కల్టివేటర్ దున్నకం, దాని వెంటనే చెక్క పలకతో అణచి చదును చేయడం, అదే రోజు విత్తడం మంచి పద్ధతి. ఉదయం దున్ని, సాయంత్రం దాకా నేలను తెరిచి ఉంచడం కూడా నష్టమే.

అసలు దున్నకుండానే వరి కొయ్యల మధ్య జీరో టిల్లేజ్ యంత్రంతో విత్తే పద్ధతిలో రెండు లాభాలున్నాయి. దుక్కికి పట్టే వారం పది రోజులు కలిసి వస్తాయి. కొయ్యలు నేలను కప్పి ఉంచడంతో తేమ నిలుస్తుంది. సన్నటి గాడి మాత్రమే తెరుచుకుని, అందులో విత్తనం, ఎరువు పడతాయి. అయితే గాడి మూసుకోకపోతే విత్తనం ఎండిపోతుంది. కన్హార్ తడిగా ఉన్నప్పుడు ఈ ఇబ్బంది ఎక్కువ. యంత్రాన్ని తోలాక వెనక్కి తిరిగి చూసి, విత్తనం మీద మట్టి పడిందో లేదో పరిశీలించడం తేలికే, కానీ దాన్ని వదిలేయడం వల్లే చాలా పొలాల్లో మొలక పలచబడుతుంది.

విత్తనాన్ని తేమ దగ్గరికి చేర్చడం

వెదజల్లిన గోధుమలో కొన్ని గింజలు పైన పడి ఎండిపోతాయి, కొన్ని లోతుకు పోయి కుళ్లిపోతాయి. వర్షాధారంలో గొర్రుతోనో విత్తన, ఎరువుల యంత్రంతోనో వరసల్లో విత్తడం తప్ప దారి లేదు. వరసల మధ్య 22 నుంచి 25 సెంటీమీటర్లు, లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు ఉండాలి. హెక్టారుకు సుమారు 100 కిలోల విత్తనం పడుతుంది.

లోతుకు ఒక హద్దు ఉంది. గింజ నుంచి మొదట పైకి వచ్చేది మొలకను కాపాడే ఒక తొడుగు. హరిత విప్లవం తెచ్చిన పొట్టి రకాల్లో ఈ తొడుగు కూడా పొట్టిదే. వాటిని తేమ కోసం ఏడెనిమిది సెంటీమీటర్ల లోతున వేస్తే మొలక నేలపైకి రాలేదు. పాత పొడుగు రకాలకు ఈ ఇబ్బంది తక్కువ. సి-306 అనే పాత రకం ఇంకా వర్షాధార పొలాల్లో నిలిచి ఉండటానికి ఇదొక కారణం. భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇండోర్ ప్రాంతీయ కేంద్రం నుంచి వచ్చిన సుజాత (హెచ్ఐ 617), అమృత (హెచ్ఐ 1500), హర్షిత (హెచ్ఐ 1531) కూడా తక్కువ నీటికి ఉద్దేశించినవే. హైదరాబాద్ దుకాణాల్లో ఎక్కువ ధరకు అమ్ముడుపోయే షర్బతీ గోధుమ పిండి వెనుక ఉన్నది కూడా మధ్యప్రదేశ్‌లోని సీహోర్ వైపు నల్లనేలల్లో తక్కువ నీటితో పండిన గోధుమే. దానికి 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఖర్చు లేని మరో ఉపాయం విత్తనాన్ని నానబెట్టడం. రాత్రంతా, అంటే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు నీటిలో ఉంచి, తీసి, నీడన పైతడి ఆరేదాకా ఉంచి అదే రోజు విత్తితే మొలక ఒకటి రెండు రోజులు ముందే వస్తుంది. రోజురోజుకూ ఆరిపోతున్న నేలలో ఆ రెండు రోజులు విలువైనవి.

నీరు ఎంతో ఎరువు అంత

నీటి వసతి ఉన్న గోధుమకు సిఫారసు చేసే హెక్టారుకు 120 కిలోల నత్రజనిని వర్షాధార పొలంలో వేయడం పొరపాటు. డిసెంబరులో పైరు ముదురాకుపచ్చగా, దట్టంగా కనిపించి సంతోషపెడుతుంది. ఆ ఆకులన్నీ నేలలోని నీటిని జనవరికే తాగేస్తాయి. గింజ పట్టే వేళకు ఏమీ మిగలదు. వర్షాధారంలో 40 నుంచి 60 కిలోల నత్రజని, దానికి సగం మోతాదులో భాస్వరం చాలు. భాస్వరం వేరును లోతుకు దించడానికి తోడ్పడుతుంది కాబట్టి దాన్ని ఎగ్గొట్టి యూరియా ఒక్కటే వేయడం మంచిది కాదు.

ఎరువు వేసే చోటు కూడా మోతాదంత ముఖ్యమే. ఎండిన నేల మీద చల్లిన యూరియా వేరుకు చేరదు, కొంత గాలిలో కలిసిపోతుంది. అందుకే ఎరువంతా విత్తేటప్పుడే, విత్తనం కంటే మూడు నాలుగు సెంటీమీటర్లు దిగువన, తేమ ఉన్న పొరలో పడాలి. తరవాత జల్లు పడితే కొద్దిగా పైపాటుగా వేయవచ్చు. పడకపోతే లీటరు నీటికి 20 గ్రాముల చొప్పున యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయడం ఒక్కటే మార్గం.

వరి తరవాత గోధుమ వేసే పొలాల్లో జింకు లోపం తరచు కనిపిస్తుంది. మట్టి పరీక్షలో జింకు 0.6 పీపీఎం కంటే తక్కువ వస్తే హెక్టారుకు 25 కిలోల జింకు సల్ఫేటు వేయాలి. దాన్ని వరికే వేస్తే తరవాతి గోధుమకూ పనికొస్తుంది. 2015 ఫిబ్రవరి 19న మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం కింద ఇచ్చే పత్రంలో ఈ అంకె ఉంటుంది. సేంద్రియ కర్బనం అంకె కూడా అందులోనే ఉంటుంది. అది 0.5 శాతం కంటే తక్కువ ఉంటే నేల బీదదని లెక్క.

కర్బనం, కొయ్యలు, పశువులు

సేంద్రియ కర్బనం పెరిగితే నేల గుల్లబారుతుంది, దమ్ము తరవాత మట్టి తిరిగి ఉండకడుతుంది, వేరుకు దారి దొరుకుతుంది. దానికి మూడు వనరులున్నాయి. ఒకటి పశువుల ఎరువు. హెక్టారుకు ఐదు టన్నుల చొప్పున వరికి ముందు, జూన్‌లో వేయడం మేలు. గోధుమకు ముందు సగం మాగిన ఎరువు వేస్తే చెదలను పిలిచినట్టే. వర్షాధార గోధుమలో ఎండిన నేలకు చెదలు పెద్ద శత్రువు. రెండోది పచ్చిరొట్ట. తొలకరి వానకు జీలుగో జనుమో వేసి నాటుకు ముందు కలియదున్నడం తెలుగు రైతులకు తెలిసిన పనే. మూడోది వరి కొయ్యలు, గడ్డి.

ఈ మూడో వనరు చుట్టూ పోటీ ఉంది. యంత్రంతో కోసిన పొలంలో గడ్డిని కాల్చేసి దుక్కికి తొందరపడతారు. చేత్తో కోసిన పొలంలో గడ్డి పశువుల మేతకు పోతుంది. మిగిలిన కొయ్యలను కోతల తరవాత ఊరి పశువులు మేస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లో వరి కోతలు కాగానే పశువులను స్వేచ్ఛగా వదిలేయడం పాత అలవాటు. చుట్టూ పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కడు గోధుమ వేస్తే ఆ మంద అంతా అతని పచ్చని చేను మీదే పడుతుంది. అందువల్ల రెండో పంట ఒక్క రైతు నిర్ణయంగా ఉండదు, ఊరంతా కలిసి తీసుకోవాల్సిన నిర్ణయం అవుతుంది. పశువులను కట్టడి చేసే ‘రోకా-ఛేకా’ అనే పాత ఆచారాన్ని 2020లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం ప్రచార కార్యక్రమంగా చేపట్టింది. అదే ఏడాది జులై 20న మొదలైన గోధన్ న్యాయ్ యోజన కింద కిలో రెండు రూపాయలకు పేడ కొని వానపాముల ఎరువు తయారు చేయించింది. పశువు కొట్టంలో ఉంటే పేడ దిబ్బకు చేరుతుంది, చేనూ నిలుస్తుంది. ఈ రెండూ కలిసే రబీకి నేలను సిద్ధం చేస్తాయి.

మొలిచిన తరవాత 25, 30 రోజులకు వరసల మధ్య గుంటకతోనో చేతి పనిముట్టుతోనో పైపైన గుల్ల చేస్తే కలుపు పోతుంది. పైన పొడి మట్టి పొర ఏర్పడి కింది తేమ ఆవిరి కాకుండా ఆపుతుంది. కన్హార్‌లో అప్పుడే మొదలయ్యే సన్న నెర్రెలు కూడా మూసుకుంటాయి. అవి పెద్దవైతే వాటి గుండా లోతు తేమ కూడా గాలికి పోతుంది.

ఒక్క తడి విలువ

గోధుమకు ఒకే ఒక్క తడి ఇచ్చే వీలుంటే అది విత్తిన 21 రోజుల ప్రాంతంలో ఇవ్వాలి. మొక్క మొదటి కణుపు నుంచి శాశ్వత వేర్లు, పిలకలు పుట్టేది అప్పుడే. ఆ తడికి నీరెక్కడిది? పొలం మూలలో తవ్విన ‘డబరీ’ అనే చిన్న నీటి కుంట ఛత్తీస్‌గఢ్‌లో పరిచితమే. పైన 20 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతుతో, ఏటవాలు గట్లతో తవ్విన కుంటలో సుమారు 8.7 లక్షల లీటర్లు పడతాయి. ఇంకింది, ఆవిరైంది పోగా నవంబరుకు సగం మిగిలిందనుకుంటే, 60 మిల్లీమీటర్ల తడిని సుమారు 1.8 ఎకరాలకు ఇవ్వవచ్చు. సెప్టెంబరులో వాన మొహం చాటేస్తే ముందు వరే ఆ నీటిని అడుగుతుంది. అందుకే కుంటను నమ్ముకుని మొత్తం పొలంలో గోధుమ వేయడం కంటే, అది తడపగలిగినంత మేరకే వేయడం క్షేమం.

గోధుమ వద్దనుకోవాల్సిన చోట

ఖరీఫ్ వరి తరవాత దేశంలో 1.17 కోట్ల హెక్టార్ల దాకా నేల రబీలో ఖాళీగా ఉంటోందని హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2001లో అంచనా వేశారు. అందులో పెద్ద వాటా మధ్య, తూర్పు భారతానిదే. ఆ ఖాళీని నింపే పంట అన్నిచోట్లా గోధుమే కానక్కర్లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు ముందే మినుము, పెసర చల్లినట్టు, ఛత్తీస్‌గఢ్‌లో నిలువు వరిలోనే తివ్‌రా, అవిసె, శనగ చల్లే ‘ఉతేరా’ పద్ధతి తరాలుగా ఉంది. దుక్కి లేదు, ఖర్చు లేదు, దిగుబడి కూడా కొద్దిగానే. గోధుమకు మాత్రం ఈ పద్ధతి అంతగా నప్పదు. దాని గింజకు మట్టి తాకిడి కావాలి, పైరుకు నత్రజని కావాలి.

తేమ అంతంతమాత్రంగా ఉన్న డోర్సాలో శనగ మేలు. అది గోధుమ కంటే తక్కువ నీటితో గట్టెక్కుతుంది, తన నత్రజనిలో చాలా భాగం తానే సమకూర్చుకుంటుంది. నర్మదా లోయలో గోధుమ, శనగ కలిపి విత్తే ‘బిర్రా’ అనే పాత పద్ధతి వెనుక ఉన్నదీ ఇదే జాగ్రత్త. తేమ బాగుంటే గోధుమ, తగ్గితే శనగ రైతును ఆదుకుంటుంది. తెలంగాణలో జహీరాబాద్ వైపు నల్లరేగళ్లలో నీటి తడి లేకుండా రబీలో పండించే జొన్న, శనగ, కుసుమల్లోనూ ఇదే ఆలోచన కనిపిస్తుంది.

ధరల లెక్క కూడా పక్కన పెట్టలేనిది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2023-24 ఖరీఫ్ నుంచి ఎకరానికి 21 క్వింటాళ్ల దాకా వడ్లను క్వింటాలు రూ.3,100 లెక్కన కొంటోంది. గోధుమకు కేంద్రం 2025-26 మార్కెటింగ్ సీజన్‌కు ప్రకటించిన మద్దతు ధర రూ.2,425. పైగా రాష్ట్రంలో వడ్లకు ఉన్నంత కొనుగోలు వ్యవస్థ గోధుమకు లేదు. ఇలాంటి పరిస్థితిలో రైతు ఎక్కువ దిగుబడినిచ్చే దీర్ఘకాలిక వరినే ఎంచుకోవడం సహజం. ఆ ఎంపికతోనే రబీ తేమ చేజారిపోతుంది. నేల యాజమాన్యం గురించి ఇచ్చే సలహా ఏదైనా ఈ లెక్కను దాటి వెళ్లలేదు.

మార్చి ఎండల భయం కూడా పెరిగింది. 2022 మార్చి, దేశంలో 1901 తరవాత పగటి ఉష్ణోగ్రతలు అత్యధికంగా నమోదైన మార్చి. ఆ ఏడు గింజ బక్కచిక్కి, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులను నిషేధించింది. నేలలో చివరి తేమ మిగిలి ఉన్న పైరు అలాంటి ఎండను కొంత తట్టుకుంటుంది. తేమ అయిపోయిన పైరు గింజ నిండకుండానే పండిపోతుంది.

ఏ నెలలో ఏం చేయాలి

ఏప్రిల్–మే: బరువైన నేలల్లో మూడు నాలుగేళ్లకోసారి, ఎండిన నేలలో ఉలి నాగలి. మట్టి పరీక్ష. గట్ల మరమ్మతు.

జూన్–జులై: పశువుల ఎరువు లేదా పచ్చిరొట్ట. గోధుమ అనుకున్న పొలంలో 120 రోజుల వరి రకం. వీలైతే దమ్ము లేని వెద పద్ధతి. అవసరమైతే జింకు.

అక్టోబరు: కోతకు 10–15 రోజుల ముందు మడి నీరు వదలడం. విత్తనం, ఎరువు, యంత్రం ముందే సిద్ధం చేసుకోవడం. పశువుల కట్టడిపై ఊరి మాట.

అక్టోబరు చివర–నవంబరు మధ్య: ఒకే దున్నకం, వెంటనే చదును, అదే రోజు విత్తు; లేదా దున్నకుండా కొయ్యల్లోనే విత్తు. పిడికెడు మట్టి తీసి నొక్కితే ఐదారు సెంటీమీటర్ల లోతులో ముద్ద కట్టకపోతే, గోధుమ మానుకుని శనగ.

నవంబరు చివర–డిసెంబరు: 21 రోజులకు తడి, కుంట ఉంటే. 25–30 రోజులకు గుంటక, కలుపు తీత.

జనవరి–ఫిబ్రవరి: జల్లు పడితే కొద్దిగా నత్రజని, లేకపోతే రెండు శాతం యూరియా పిచికారీ.

1987లో రాయ్‌పూర్‌లో ఏర్పడిన ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా వంటివి పనిచేసేది ఇలాంటి నేలల మీదే. పైన చెప్పిన వాటిలో చాలావరకు ఖరీదైన పనులు కావు. తేదీ తప్పకుండా చేయాల్సిన పనులు. వాటిలో మొదటిది జూన్‌లో విత్తనాల సంచి కొనేటప్పుడే ఉంది. అక్కడ 150 రోజుల వరి ఎంచుకున్న రైతుకు నవంబరులో ఎంత మంచి గొర్రు ఇచ్చినా, ఎంత మంచి గోధుమ రకం ఇచ్చినా ఆరిపోయిన తేమ వెనక్కి రాదు.